అడవిలో నడకకు మనం ఎట్లా తయారు కావాలె?



వచ్చే నెల మన తొమ్మిదో తరగతి వాళ్ళం నల్లమల అడవికి పోతున్నాం గదా. ఒక పగలంతా నడక, రాత్రికి గుడారాల్లో పడుక. ఈ మాట విన్నప్పటి నుంచి అందరూ నన్ను "నువ్వు చెంచు పిల్లవు, నీకేం భయం" అంటున్నారు. అందుకే ముందు నా సంగతే చెప్తాను.

పోయిన ఎండాకాలం సెలవుల్లో మా పెంటకు పోయి నాయనతో అడవికి బయలుదేరాను. మూడేండ్ల నుంచి ముషీరాబాదు హాస్టల్లో ఉంటున్నాను. ఇక్కడ నల్లా తిప్పితే నీళ్ళు. అదే అలవాటుతో ఒక చిన్న సీసా పట్టుకొని, హవాయి చెప్పులతో నడిచాను. పది గంటలకే సీసా ఖాళీ. వాగులో చుక్క లేదు. చెప్పు తెగి కాలిలో ముల్లు దిగింది. కండ్లు తిరిగి బండ మీద కూలబడ్డాను. నాయన తన నీళ్ళన్నీ నాకే తాగించి, తాను నాలుక తడుపుకోకుండా నన్ను ఇంటికి తెచ్చాడు. "అడవిల పుట్టినోళ్ళయినా నీళ్ళు మోసుకొనే పోవాలె బిడ్డా" అన్నాడు. నాకు చాలా సిగ్గయింది. మీకు అట్లా కావద్దని ఇది రాస్తున్నాను.

ముందు తెలుసుకోవలసినవి: మనం పోయేది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. దాని వైశాల్యం 2,611 చదరపు కిలోమీటర్లు. ఇదివరకు నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంలో భాగంగా ఉండేది. 2014లో రాష్ట్రం వేరైన తర్వాత ఇదీ వేరైంది. అక్కడ మన ఇష్టం వచ్చినట్టు తిరగరాదు, ఎక్కడంటే అక్కడ గుడారం వేయరాదు. అటవీశాఖ అనుమతి, దారి చూపే మనిషి తప్పనిసరి. రాత్రి 9 గంటల నుంచి పొద్దున 6 వరకు ఆ రోడ్డు మీద వాహనాలు పోనియ్యరు. కాబట్టి మనం ఇక్కడి నుంచి పొద్దున్నే బయలుదేరాలె.

ఇప్పటి నుంచి చేయవలసినవి: రోజూ పొద్దున ఇందిరా పార్కులో నడుద్దాం. మొదట ఉత్త చేతులతో, తర్వాత సంచిలో పుస్తకాలు పెట్టుకొని. కొత్త బూట్లు ఉన్నవాళ్ళు ఇప్పుడే తొడిగి నడవండి. అడవిలో మొదటిసారి తొడిగితే పొక్కులు వస్తాయి.

సంచిలో పెట్టుకోవలసినవి: మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, అటుకులు, బెల్లం, టార్చిలైటు, దుప్పటి, దోమతెర, మేజోళ్ళు, పొడుగు చేతుల బట్టలు. తెలుపు, ఎరుపు బట్టలు దూరం నుంచే కనబడతాయి, మట్టి రంగువి మంచివి. పౌడరు, సెంటు వద్దు, వాసనకు తేనెటీగలు రేగుతాయి. ఆడపిల్లలకు కావలసినవి మేడం దగ్గర కూడా ఉంటాయి, అడగడానికి సిగ్గుపడవద్దు.

నడిచేటప్పుడు: ఒకరి వెనుక ఒకరు. ముందు దారి చూపే అన్న, చివర ఒక పెద్ద మనిషి. పూల కోసం, పండ్ల కోసం పక్కకు పోరాదు. అందరూ పులి అంటే భయపడతారు. మా పెంటలో ఎలుగుబంటికే ఎక్కువ భయపడతారు. దానికి చూపు తక్కువ. పొద మలుపులో దగ్గరగా మనిషి ఎదురైతే బెదిరి మీద పడుతుంది. అన్న ఆగమంటే వెంటనే ఆగాలె. ఎందుకని తర్వాత అడగవచ్చు.

రాత్రి: కట్లపాము రాత్రిళ్ళు తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది. దోమతెర అంచులు పరుపు కిందికి గట్టిగా దోపాలె. బయటికి పోవాలంటే మేడంకు చెప్పి, ఇద్దరు కలిసి, లైటు వేసుకొని పోవాలె. పొద్దున బూట్లు దులిపి తొడగాలె, తేళ్ళు ఉంటాయి. పాము కరిస్తే కోయరాదు, కట్టు బిగించరాదు, మంత్రం కోసం ఆగరాదు. కదలనియ్యకుండా ఆసుపత్రికి తీసుకపోవాలె. మంట వేయమని చెప్పిన చోటనే వేయాలె, పోయేటప్పుడు నీళ్ళు పోసి ఆర్పాలె. ఎండుగడ్డికి ఒక్క నిప్పురవ్వ చాలు.

చివరికి ఒక మాట. మనకు దారి చూపే అన్నకు మా నాయన లాగనే చదువు రాకపోవచ్చు. ఎవరూ నవ్వకండి. మన సామాను జాబితా ఆయనకు చదివి వినిపిద్దాం. ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో ఆయనే చెప్తాడు.

ఇట్లు,
మీ స్నేహితురాలు,
9వ తరగతి