నూనె తేటగా ఉంటే చాలదు: ట్రాన్స్‌ఫార్మర్లలో గంధకంపై అపోహలు, వాస్తవాలు

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాల సేద్యం చాలావరకు బోరుబావుల మీద, ఆ బోర్లు విద్యుత్తు మీద ఆధారపడి ఉన్నందువల్ల, పశ్చిమ ప్రకాశంలో నడివేసవిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవడమంటే రైతు కళ్లముందే తోట వాడిపోవడం. అలా కాలిన ప్రతిసారీ అనుమానం నూనె మీదికి పోవడం సహజమే గానీ, ఆ నూనె గురించీ అందులోని గంధకం గురించీ సామాన్యుల్లోనే కాక విద్యుత్ పనులు చేసేవారిలోనూ కొన్ని పొరపాటు అభిప్రాయాలు పాతుకుపోయి ఉన్నాయి.

పొలం గట్టున ఉండే 25 లేదా 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా గంధకమే తినేస్తుందన్నది వాటిలో ఒకటి. గంధకం రాగిని, వెండిని పట్టుకుంటుంది గానీ అల్యూమినియం జోలికి పోదు. చిన్న పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్లలోని చుట్లు చాలావరకు అల్యూమినియం తీగవే కావడంతో అక్కడ ఈ బెడద దాదాపు లేనట్టే. సామర్థ్యానికి మించి మోటార్లు తగిలించడం, మూడు ఫేజుల మీద భారం సమంగా లేకపోవడం, ఫ్యూజు ఉండవలసిన చోట లావు తీగ చుట్టడం, నూనె మట్టం తగ్గినా గమనించకపోవడం వంటివే వాటిని ఎక్కువగా కాలుస్తాయి. గంధకం గురించి నిజంగా దిగులుపడవలసింది సబ్‌స్టేషన్లలోని పెద్ద పవర్ ట్రాన్స్‌ఫార్మర్ల విషయంలోనే, ఎందుకంటే వాటి చుట్లు కాగితం చుట్టిన రాగివి. పైగా ఒక్కటి పోతే దాని కింద ఉన్న ఊళ్లన్నిటికీ ఒకేసారి సరఫరా నిలిచిపోతుంది.

గంధకం ఉన్న నూనె ఏదైనా చెడ్డదేనన్న మాట కూడా నిలవదు. ట్రాన్స్‌ఫార్మర్ నూనె ముడిచమురు నుంచి వస్తుంది కాబట్టి గంధక సమ్మేళనాలు కొన్ని అందులో సహజంగానే ఉంటాయి. వీటిలో థయోఫీన్ల వంటివి స్థిరంగా ఉండి రాగికి హాని చేయవు, మరికొన్ని నూనె త్వరగా ముదరకుండా కాపాడతాయి కూడా. హాని చేసేవి మూలక గంధకం, మెర్కాప్టన్లు, కొన్ని డైసల్ఫైడ్లు. ముఖ్యంగా డైబెంజైల్ డైసల్ఫైడ్, పొట్టిగా డీబీడీఎస్ అనే పదార్థం, ప్రపంచంలో అనేక వైఫల్యాలకు కారణమైన నూనెల్లో కనిపించింది. ఈ సమస్యపై సీగ్రే అనే అంతర్జాతీయ విద్యుత్ నిపుణుల మండలి 2009లో ప్రత్యేక నివేదికనే వెలువరించింది. 20,000 లీటర్ల నూనెలో డీబీడీఎస్ పది లక్షల పాళ్లకు 150 పాళ్లున్నా దాని మొత్తం బరువు రెండున్నర కిలోలకు కాస్త ఎక్కువ మాత్రమే. ఆ కొద్దిపాటి పదార్థమే వేడెక్కిన రాగితో కలిసి నూనెలో కరిగే సంయోగంగా మారి, కాగితంలోకి ఇంకి, అక్కడ విడిపోయి రాగి సల్ఫైడుగా పేరుకుంటుంది. విద్యుత్తును ఆపవలసిన కాగితంలో విద్యుత్తుకు కొంత దారి ఇచ్చే పదార్థం చేరినప్పుడు పక్కపక్క చుట్ల మధ్య బంధకం, అంటే ఇన్సులేషన్, క్రమంగా బలహీనపడి చివరికి ఒక్కసారిగా తెగిపోతుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ నూనె తేటగా ఉండి, బీడీవీ (బ్రేక్‌డౌన్ వోల్టేజీ) బాగా వస్తే ఇక భయం లేదన్నది. బీడీవీ పరీక్షలో 2.5 మిల్లీమీటర్ల ఎడంలో ఉన్న రెండు ఎలక్ట్రోడ్ల మధ్య నూనె ఎన్ని కిలోవోల్టులకు తట్టుకోలేకపోతుందో చూస్తారు; అది ముఖ్యంగా నూనెలోని తేమను, నలుసులను పట్టిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పోయే గాలిలోని తేమను పీల్చే బ్రీదరులోని సిలికా జెల్ నీలి రంగు పోయి గులాబీకి తిరిగితే తెలిసేదీ తేమ సంగతే. డీబీడీఎస్ నూనెలో పూర్తిగా కరిగి ఉంటుంది కాబట్టి రంగు మారదు, వాసన రాదు, బీడీవీ 60 కిలోవోల్టులు దాటడానికీ అది అడ్డు రాదు. అసలు నష్టం జరిగేది నూనెలో కాదు, చుట్టుకూ చుట్టుకూ నడుమనున్న కాగితంలో; అందువల్ల నూనెలో కరిగిన వాయువుల విశ్లేషణ సైతం చాలాసార్లు ముందుగా హెచ్చరించలేదు. సబ్‌స్టేషన్‌లో కుళ్లిన గుడ్డు వాసన వస్తే అది సాధారణంగా బ్యాటరీ గదిలో మితిమీరి ఛార్జి అయిన బ్యాటరీలదే తప్ప ట్రాన్స్‌ఫార్మర్ నూనెది కాదు.

గంధకం సంగతి చెప్పగలిగేవి వేరే పరీక్షలు. మెరుగుపెట్టిన చిన్న రాగి రేకును వంచి, ఆక్సిజన్ లేకుండా నైట్రోజన్ పంపిన నూనె సీసాలో ఉంచి వేడిచేస్తారు. బయటికి తీసినప్పుడు రేకు నారింజ రంగుకో, లేత ఎరుపుకో తిరిగితే నూనె గట్టెక్కినట్టు, మార్కాపురం పలకలా నల్లబడితే తప్పినట్టు. పాత పద్ధతిలో 140 డిగ్రీల సెల్సియస్ వద్ద 19 గంటలే ఉంచేవారు. ఆ పరీక్ష నెగ్గిన నూనెలే వాడకంలో దెబ్బతీయడంతో దాన్ని 150 డిగ్రీల వద్ద 48 గంటలకు పెంచారు; 2008 నాటి అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62535 మరో అడుగు వేసి, కాగితం చుట్టిన రాగినే 150 డిగ్రీల వద్ద 72 గంటలు ఉంచి, ఆపైన కాగితం విప్పి దాని మీద లోహపు మెరుపు ఉందేమో చూడమంటుంది. కాబట్టి పాత ధ్రువపత్రంలో ‘క్షయకారకం కాదు’ అని ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండే వీలు లేదు. ఏ పద్ధతిలో పరీక్షించారన్నది అడగడం అవసరం.

ఈ ప్రాంతానికి ఇది మరింత పట్టవలసిన విషయం. రాగి ఎంత వేడెక్కితే సల్ఫైడు అంత వేగంగా ఏర్పడుతుంది. ఎండ 40 డిగ్రీలు దాటే నెలల్లోనే, పగటిపూట సాగు సరఫరా నడిచే గంటల్లోనే బోర్ల భారమంతా ట్రాన్స్‌ఫార్మర్ల మీద పడుతుంది.

నూనెను ఫిల్టరు పడితే గంధకం పోతుందన్నది చివరి అపోహ. వాక్యూమ్ ఫిల్టరు తేమను, వాయువులను, నలుసులను తీస్తుందే తప్ప కరిగి ఉన్న డీబీడీఎస్‌ను తీయలేదు; అందుకు నూనె మార్చాలి, లేదా ప్రత్యేక శోషకాలతో పునరుద్ధరించాలి, లేదా రాగి మీద కాపుపొర కట్టే పాసివేటర్‌ను సాధారణంగా పది లక్షల పాళ్లకు 100 పాళ్ల చొప్పున కలపాలి. ఆ పాసివేటర్ కూడా వాడకంలో తరిగిపోతూ ఉంటుంది గనుక అది ఎంత మిగిలిందో ఎప్పటికప్పుడు కొలవాలి. ఇవన్నీ ఇకపై జరగబోయే చర్యను ఆపగలవు, లేదా మందగింపజేయగలవు. కాగితంలో అప్పటికే పేరుకున్న రాగి సల్ఫైడు మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోతుంది.