పట్టకారు కిందపడిన రోజు

మన చుట్టూ కంటికి కనిపించని సూక్ష్మజీవులు కోటానుకోట్లు ఉన్నాయి. తాగే నీటిలో ఉన్నాయి, పీల్చే గాలిలో ఉన్నాయి, కాలికంటే మట్టిలోనూ ఉన్నాయి. అయినా మనం రోజూ జబ్బుపడటం లేదు. కారణమేమంటే, వాటిని అడ్డుకునేందుకు మన ఒంట్లో చాలా ఏర్పాట్లున్నాయి. చర్మం చాలావాటిని లోపలికి రానివ్వదు. నోటిగుండా పోయినవాటిలో చాలా భాగం కడుపులోని ఆమ్లానికి చస్తాయి.

కాని సూదిమందు సంగతి వేరు. సూది చర్మాన్ని దాటుకుని తిన్నగా కండలోకో, రక్తంలోకో పోతుంది. దాని వెంట చెడ్డ సూక్ష్మజీవులు పోతే, వాటిని దారిలో ఆపటానికి చర్మమూ లేదు, కడుపూ లేదు. అందుచేత సూదిమందులో మందు ఉండటమే చాలదు. మందు తప్ప మరేదీ ఉండకూడదు. ఇది ఎంత ముఖ్యమో తెలియజేసే కథ ఒకటి మన దేశపు చరిత్రలోనే ఉన్నది.

1896లో బొంబాయి నగరంలో ప్లేగు వచ్చింది. జనం వందలూ వేలుగా చనిపోసాగారు. అప్పుడు వాల్డెమార్ హాఫ్కిన్ అనే శాస్త్రజ్ఞుడు బొంబాయి వచ్చి ప్లేగుకు టీకామందు తయారుచేశాడు. ఆయన 1860లో ఒడెస్సా నగరంలో పుట్టినవాడు. ప్లేగు క్రిములను పులుసులాంటి ద్రవంలో పెంచి, తరవాత వేడిచేసి చంపి, ఆ మందు తయారుచేసేవాడు. దాన్ని ఇతరులకు ఇవ్వకముందు 1897 జనవరి 10న తన ఒంట్లోకే ఎక్కించుకుని చూశాడు! ఆ మందు మూలంగా ఎన్నో వేలమంది ప్లేగు బారినుంచి తప్పుకున్నారు.

ఇలా ఉండగా 1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో టీకాలు వేశారు. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తానులో ఉన్నది. ఆ రోజు 107 మంది టీకా వేయించుకున్నారు. వారం తిరిగేసరికి వారిలో కొందరికి దవడలు బిగుసుకుపోయాయి, ఒళ్ళు విల్లులాగా వంగిపోయింది. అది ధనుర్వాతం. మొత్తం 19 మంది చనిపోయారు.

ఊరంతా హాహాకారాలు చేసింది. మందు మంచిది కాదన్నారు. బొంబాయి ప్రయోగశాలలోనే మందు చెడిపోయి ఉంటుందని విచారణ సంఘం భావించింది. హాఫ్కిన్ ఉద్యోగం పోయింది, పేరూ పోయింది.

అయితే ఇక్కడ ఒక విశేషం ఉన్నది. ఆ రోజు అయిదు సీసాల మందు వాడారు. ప్రతి సీసాకూ ఒక నెంబరు ఉన్నది. ఎవరికి ఏ సీసాలోని మందు వేశారో చూస్తే, చనిపోయిన 19 మందికీ 53ఎన్ అనే ఒకే సీసాలోని మందు వేసినట్టు తేలింది. మిగిలిన నాలుగు సీసాల మందు వేయించుకున్నవారికి ఏమీ కాలేదు. అంటే లోపం టీకామందు తయారీ పద్ధతిలోనే ఉంటే అన్ని సీసాలలోనూ ఉండాలిగదా!

మరి ఆ ఒక్క సీసాలోకి ధనుర్వాతపు క్రిములు ఎలా వచ్చాయి? శాస్త్రజ్ఞులు సాక్ష్యాలన్నీ మళ్ళీ చదివారు. సీసా బిరడా తీసే పట్టకారు ఆ రోజు సహాయకుడి చేతిలోనుంచి జారి నేలమీద పడింది. దాన్ని సరిగా శుద్ధిచేయకుండానే సీసా తెరిచారు. ధనుర్వాతపు క్రిములు నివసించేది మట్టిలోనే! మలేరియా దోమల రహస్యం కనిపెట్టిన రొనాల్డ్ రాస్, ఇంకా కొందరు ప్రసిద్ధ శాస్త్రజ్ఞులు కలిసి 1907లో లండనులోని టైమ్స్ పత్రికకు ఉత్తరం రాశారు. ఆ ఏడాదే ప్రభుత్వం హాఫ్కిన్ నిర్దోషి అని ఒప్పుకున్నది. ఆయన తిరిగి మన దేశం వచ్చి కలకత్తాలో పనిచేశాడు. 1925లో బొంబాయి ప్రయోగశాలకు ఆయన పేరే పెట్టారు. కాని పోయిన 19 ప్రాణాలు తిరిగి రాలేదు.

పట్టకారును కాస్త మందునీళ్ళలో ముంచి తీస్తే చాలదా అని మీకు అనిపించవచ్చు. చాలదు. ధనుర్వాతపు క్రిమి కష్టకాలంలో గట్టి పెంకులాంటి కవచం తొడుక్కుని నిద్రపోతుంది. దీనిని బీజరూపం అంటారు. ఈ రూపంలో ఉన్న క్రిమి మరిగే నీటిలో కూడా కొంతసేపు బతకగలదు. దానిని చంపటానికి వంటింటి ప్రెషర్ కుక్కర్ లాంటి యంత్రం కావాలి. దాని పేరు ఆటోక్లేవు. నీరు మామూలుగా 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆవిరిని బయటికి పోనివ్వకుండా బంధిస్తే వేడి ఇంకా పెరుగుతుంది. 121 డిగ్రీల వేడి ఆవిరిలో 15 నిమిషాలు ఉంచితే బీజరూపంలోని క్రిములు కూడా చస్తాయి. ఆస్పత్రిలో పట్టకార్లు, కత్తెరలు, గుడ్డలు ఇలాగే శుద్ధి అవుతాయి.

కొన్ని మందులు అంత వేడికి చెడిపోతాయి. వాటిని వడపోస్తారు. ఆ వడపోత రంధ్రాలు ఎంత సన్ననివంటే, ఒక్కొక్కటి 0.22 మైక్రాన్లు. మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాను. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు!

క్రిములు చచ్చినా చిక్కు తీరదు. పూర్వం స్వచ్ఛమైన నీటితో చేసిన సూదిమందు వేసినా కొందరికి చలిజ్వరం వచ్చేది. 1920ల్లో ఫ్లోరెన్స్ సైబర్ట్ అనే అమెరికా శాస్త్రజ్ఞురాలు కారణం కనిపెట్టింది. నీటిని మరిగించి ఆవిరిపట్టేటప్పుడు సన్నని తుంపరలు కూడా ఆవిరి వెంట పోతున్నాయి. ఆ తుంపరలలో క్రిముల కళేబరాల తునకలున్నాయి. జ్వరం తెప్పిస్తున్నవి అవే. తుంపరలు దాటకుండా అడ్డు పెట్టేసరికి జ్వరాలు ఆగిపోయాయి.

ఇప్పుడు పెద్ద ఆస్పత్రులలో సూదిమందులు కలపటానికి ప్రత్యేకమైన గది ఉంటుంది. పసిపాపలకు నరంగుండా ఎక్కించే ఆహారం, క్యాన్సరు రోగుల మందులు ఇలాంటి గదిలో తయారవుతాయి. అందులోకి పోయే ఔషధ నిపుణుడు ఉంగరాలు, గడియారం తీసేస్తాడు. మోచేతులదాకా కడుక్కుని, టోపీ, ముసుగు, శుభ్రమైన అంగీ, తొడుగులు ధరిస్తాడు. మందు కలిపే బల్లమీదికి వడపోసిన గాలి ఎడతెగకుండా వీస్తూ ఉంటుంది. 0.3 మైక్రాన్ల ధూళికణాలు పదివేలు వస్తే, ఆ వడపోత దాటిపోయేవి మూడింటికి మించవు. ఆ గాలికీ మందుసీసా మూతికీ మధ్య చెయ్యి అడ్డు రాకూడదు. వస్తే చేతిమీదుగా వచ్చిన గాలి సీసాకు తగులుతుంది.

ఈ నిపుణులకు ఒక తమాషా పరీక్ష కూడా ఉన్నది. మందుకు బదులు క్రిములు ఇష్టపడే పులుసు ఇచ్చి, అచ్చంగా మందు కలిపినట్టే కలపమంటారు. తరవాత ఆ సీసాలను 14 రోజులు వెచ్చగా ఉంచుతారు. పులుసు తేటగా ఉంటే పరీక్ష నెగ్గినట్టు. మసకబారిందో, ఎక్కడో చెయ్యి తప్పినట్టే. క్రిములే అక్కడ పరీక్షాధికారులన్నమాట!

మందు శుభ్రంగా ఉంటే సరిపోదు, సరైన మందే అయి ఉండాలి. వింక్రిస్టీన్, వింబ్లాస్టీన్ అని రెండు క్యాన్సరు మందులున్నాయి. పేర్లు అన్నదమ్ముల్లా ఉన్నా మోతాదులు వేరు. ఒకదానికి బదులు ఒకటి ఇస్తే ప్రాణాపాయం. అందుకే పేర్లలో తేడాగా ఉన్న అక్షరాలను పెద్దవిగా అచ్చువేస్తారు. అంకెల విషయంలోనూ ఇలాంటి జాగ్రత్తే. 5 అని రాయవలసిన చోట 5.0 అని రాస్తే, చుక్క కనబడనివారు 50 అనుకుంటారు. కనక చుక్క పక్కన సున్న రాయరు. అర అని చెప్పవలసినప్పుడు మాత్రం చుక్కకు ముందు సున్న పెట్టి 0.5 అని రాస్తారు. ప్రమాదకరమైన మందయితే ఒకరు లెక్క కట్టింది చూడకుండా రెండవవారు మళ్ళీ కట్టి చూస్తారు. రెండు లెక్కలూ కలిస్తేనే మందు రోగి దగ్గరికి పోతుంది.

ఇంట్లో అమ్మా నాన్నా కూడా ఈ జాగ్రత్త పడవచ్చు. పిల్లల మందును వంటింటి చెంచాతో పోయకూడదు, చెంచాలన్నీ ఒక కొలత కావు. సీసాతో వచ్చిన కొలమూతతోనే పోయాలి. ఒకరికి రాసిన మందు ఇంకొకరికి వేయకూడదు. వైద్యుణ్ణి చూసినప్పుడు పిల్లవాడి బరువు, ఇదివరకు ఏ మందైనా పడకపోయిందా అన్నది తప్పక చెప్పాలి.

పిల్లలూ, ఈసారి పెద్దలను అడిగి ఒక మందుసీసాను చేతిలోకి తీసుకుని చూడండి. మందు పేరు, గడువు తేదీతో పాటు బ్యాచ్ నెంబరు అని ఒక గుర్తు కనిపిస్తుంది. అది ఎందుకని ఎవరైనా అడిగితే ముల్కోవాల్ కథ చెప్పండి. ఆనాడు సీసాలమీద నెంబర్లే లేకపోతే, ఎక్కడ తప్పు జరిగిందో ఎన్నటికీ తెలిసేది కాదు.