ఇంటి ఇంక్యుబేటరుకు ఉష్ణోగ్రత నియంత్రణ వలయం

కోడిగుడ్లు పొదిగే 21 రోజులూ ఫ్యాను గల పెట్టెలో సుమారు 37.5 డిగ్రీల సెల్సియస్ వేడి నిలకడగా ఉండాలి. ఆర్డ్యునో బోర్డు, డీఎస్18బీ20 సెన్సారు, రిలే, రెండు ఫిలమెంటు బల్బులతో దీనిని ఇంటివద్దనే సాధించవచ్చు. సెన్సారు సమాచార తీగకు, 5 వోల్టుల తీగకు నడుమ 4.7 కిలో ఓముల నిరోధకం కలపాలి. 37.3 వద్ద బల్బులు వెలిగి 37.7 వద్ద ఆరేటట్లు ప్రోగ్రాము రాస్తే రిలే మాటిమాటికీ కొట్టుకోదు. సెన్సారులో అర డిగ్రీ తేడా ఉండవచ్చు. జ్వరమానితో సరిచూడడం మేలు.

అసలు ప్రమాదం సెన్సారు తీగ ఊడినప్పుడే. అప్పుడు సాధారణంగా వాడే లైబ్రరీ మైనస్ 127 అని చూపుతుంది. ప్రోగ్రాము దానిని చలిగా భావించి బల్బులను ఆర్పదు. గుడ్లలోని పిండాలు చనిపోతాయి. కనుక ఆ అంకె కనబడగానే బల్బులు ఆరి బజరు మోగేటట్లు రాయాలి. రిలే అతుక్కుపోతే మాత్రం ఏ ప్రోగ్రామూ ఆదుకోలేదు. అందుకే 39 డిగ్రీల వద్ద తెగే విడి థర్మోస్టాటును బల్బుల ఫేజు తీగలోనే బిగించాలి.