తాడుకు రెండు కొసలు

సాయంకాలం పూట ఏ కాలనీలోనైనా సరే, పది నిమిషాలు వీధిగుమ్మంలో నుంచుని చూడండి. ముందు నాలుక వేలాడేసుకుని ఒక కుక్క వస్తుంది. దాని వెనక బిర్రుగా బిగిసిన తాడు వస్తుంది. ఆ తాడు చివర, ఒళ్ళు వెనక్కి వాల్చి, చెప్పులు జారిపోకుండా కాలివేళ్ళు బిగబట్టి, ఒక గృహస్థు వస్తాడు.

"ఏం మాస్టారూ! మీరు కుక్కను షికారు తిప్పుతున్నారా, అది మిమ్మల్ని తిప్పుతోందా?" అని ఎదురింటివారు అడగనే అడుగుతారు. ఆయన నవ్వబోతాడు. అంతలో కుక్క కంట మరో కరెంటు స్తంభం పడుతుంది. నవ్వు సగంలోనే ఆగిపోతుంది.

చూసేవాళ్ళకు ఇది వినోదమే. దీని పర్యవసానం మాత్రం వినోదం కాదు. ముద్దుగా ఉందని పిల్లను తెచ్చుకుంటాం. ఏడాది తిరిగేసరికి ల్యాబ్రడార్ జాతి కుక్క పాతిక, ముప్ఫై కిలోలు తూగుతుంది. ఒకనాడు ఇల్లాలి మణికట్టు మెలిపడుతుంది. మరొకనాడు తాతగారు బోర్లా పడబోయి గోడ పట్టుకుంటారు. "ఇక దీన్ని బయటికి తీసుకువెళ్ళడం మా వల్ల కాదు" అని ఇంట్లో తీర్మానమౌతుంది. ఆనాటినుంచి దాని లోకమల్లా గేటు పక్కన రెండు గజాల గొలుసు. తోచక మొరుగుతుంది. మొరిగినందుకు తిట్లు తింటుంది. కొన్నాళ్ళకు ఎవరికో ఇచ్చేస్తారు, లేదా ఊరి చివర వదిలేస్తారు. ఇంతకూ అది చేసిన నేరమల్లా తాడు లాగడం. మరి ఆ నేరం దానికి నేర్పినవారెవరు?

కుక్క లాగడానికి పొగరు కారణం కాదు. యజమాని మీద పెత్తనం చెయ్యాలన్న దురాలోచన అంతకన్నా కాదు. దాని సహజమైన నడక మన నడకకంటె వేగమైనది. పైగా మనం కంటితో చూసే వీధిని అది ముక్కుతో చూస్తుంది. పొద్దున్నే మనం దినపత్రిక తిరగేసినట్టు అది ప్రతి స్తంభాన్నీ తిరగేస్తుంది. ఎవరు వచ్చారు, ఎప్పుడు వెళ్ళారు అన్న వార్తలన్నీ దానికి అక్కడే దొరుకుతాయి. అందుకని ముందుకు ఉరుకుతుంది. తాడు బిగుస్తుంది. అప్పుడు మనం ఏం చేస్తాం? "ఉండవే, ఉండు" అంటూనే దాని వెనకాల నాలుగడుగులు వేస్తాం. పాఠం పూర్తయింది! లాగితే స్తంభం దగ్గరకు వస్తుందని దానికి బోధపడింది.

అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పిల్లుల్నీ కుక్కల్నీ పెట్టెల్లో ఉంచి, అవి గడియ తీసుకుని బయటపడడం ఎలా నేర్చుకుంటాయో పరీక్షించి 1898లో ప్రకటించాడు. ఏ పనివల్ల తృప్తి కలుగుతుందో ఆ పనినే జంతువు మళ్ళీ చేస్తుందని ఆయన తేల్చిన సంగతి. ఎప్పుడూ కాకుండా అప్పుడప్పుడే ఫలమిచ్చే పని మరింత మొండి అలవాటౌతుందని తర్వాత బి. ఎఫ్. స్కిన్నర్ ప్రభృతులు చూపించారు. పేకాటలో అప్పుడప్పుడూ గెలిచేవాడే కదా ఆట మానలేనివాడు! తొమ్మిదిసార్లు ఆగి, పదోసారి "పోనీలే" అని కుక్క వెంట వెళ్ళామంటే, ఆ పదోసారే దానికి గుర్తుండిపోతుంది.

ఇక తరుణోపాయం చూద్దాం. ముందు సరంజామా. మెత్తని వెడల్పాటి మెడపట్టీ, ఆరడుగుల తాడు చాలు. గొంతు బిగించే గొలుసులూ, ముళ్ళ పట్టీలూ వద్దు. వాటివల్ల మెడకూ శ్వాసనాళానికీ హాని కలుగుతుంది. బలంగా లాగే కుక్కకు ఛాతీపట్టీ మంచిది; అంగళ్ళలో హార్నెస్ అంటారు. అయితే తాడు తగిలించే రింగు దాని ఛాతీమీద ఉండాలి. రింగు వీపుమీదే ఉంటే అది ఒంటి బలమంతా పెట్టి మరీ లాగగలదు. మంచుదేశాల్లో బళ్ళు లాగే కుక్కలకు వెనకనుంచి తాడు కట్టేది అందుకే. లాగినకొద్దీ సాగే చక్రపు తాడు కూడా ఈ చదువుకు పనికిరాదు. లాగితే చోటు దొరుకుతుందని అదే నేర్పుతుంది.

మొదటి పాఠం వీధిలో కాదు, ఇంటి పెరట్లోనో వరండాలోనో. శనగగింజంత తిండి ముక్కలు చేతిలో ఉంచుకోండి. ఉడికించిన కోడిమాంసం గాని, శాకాహారులైతే పనీరు గాని సరిపోతుంది. ఉల్లి, ద్రాక్ష, చాక్లెట్టు మాత్రం కుక్కకు విషం. రెండడుగులు వెయ్యండి. తాడు వదులుగా ఉండి కుక్క మీ పక్కనే ఉంటే "శభాష్" అని ఒక ముక్క ఇవ్వండి. ఆ ముక్క మీ కాలి పక్కనే అందాలి. బహుమతి ఎక్కడ దొరికితే విద్యార్థి అక్కడికే చేరతాడు!

రెండో పాఠం వీధిలో. తాడు బిగిసిందా, చెట్టులా నిలబడిపోండి. తిట్టవద్దు, గుంజవద్దు. కాసేపటికి కుక్క వెనక్కి తిరిగి చూస్తుంది, తాడు వదులౌతుంది. ఆ క్షణానే నడక సాగించండి. ఎంతకీ తిరగకపోతే పేరు పెట్టి పిలిచి, మీరే అటు తిరిగి నాలుగడుగులు వెయ్యండి. స్తంభం దాకా వదులు తాడుతో వచ్చిందంటే "వెళ్ళు" అని కావలసినంతసేపు వాసన చూడనివ్వండి. తిండికంటె అదే దానికి పెద్ద బహుమతి. ఎదురుగా వీధికుక్కలు కనబడితే కర్ర ఎత్తకుండా ముందుగానే దారి మళ్ళించండి.

మొదటి నాలుగైదు రోజులు కుక్క మునుపటికంటె ఎక్కువగా లాగవచ్చు. కంగారుపడకండి. కుళాయి తిప్పితే నీళ్ళు రానప్పుడు మనం మాత్రం ఇంకా గట్టిగా తిప్పమూ? అదీ అంతే. పది నిమిషాల చొప్పున రోజుకు రెండుసార్లు చాలు. పిల్లకుక్కకు కొన్ని వారాలు పడుతుంది. లాగడం మరిగిన పెద్ద కుక్కకు నెలలు పట్టవచ్చు. ముఖ్యమైనది మరొకటి: ఇంటిల్లిపాదికీ ఒకటే నియమం ఉండాలి. నాన్నగారు ఆగి, అబ్బాయి పరుగెత్తితే ఆ చదువు సాగదు.

కొన్ని జాగ్రత్తలు. తాడును వేళ్ళకూ మణికట్టుకూ చుట్టుకోకండి. వేసవిలో పొద్దున్నే గాని, పొద్దుగూకి నేల చల్లారాక గాని బయలుదేరండి. అరచేతి వెనకభాగం తారురోడ్డుమీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే, ఆ నేలమీద కుక్క పాదాలు కాలతాయని తెలుసుకోండి.

"ఇదంతా ఎందుకండీ, రెండు తగిలిస్తే దారికొస్తుంది" అనేవారు లేకపోలేదు. భారతం ఆదిపర్వంలో సరమ అనే దేవశునకం కథ ఉంది. జనమేజయుడు యాగం చేసేచోట దాని పిల్లను రాజుగారి తమ్ముళ్ళు నిష్కారణంగా కొట్టారు. తల్లి నేరుగా వచ్చి మహారాజునే నిలదీసింది. ఏ తప్పూ చెయ్యనివాణ్ణి ఎందుకు కొట్టారని అడిగితే అక్కడ జవాబు చెప్పినవారు లేరు. లాగడం మనమే నేర్పి, లాగినందుకు మనమే కొడితే మన దగ్గర మాత్రం ఏం జవాబు ఉంటుంది?

మన చట్టం కూడా ఈ విషయంలో ఊరుకోలేదు. 1960నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షను ప్రకారం, నిత్యం గొలుసుతో కట్టి ఉంచే కుక్కను తగినంతగా నడిపించకుండా యజమాని అశ్రద్ధ చెయ్యడం కూడా హింసే. మరీ పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టివెయ్యడమూ హింసే.

తాడుకు రెండు కొసలున్నాయి. ఒక కొసన ఉన్న ప్రాణికి మన భాష రాదు, మన తొందరలు తెలియవు. రెండో కొసన ఉన్నవారికే ఆగడం, ఓపిక పట్టడం సాధ్యం. అందుచేత చదువు ఆ కొసనుంచే మొదలవ్వాలి. వదులు తాడుతో నడవడం నేర్చిన కుక్కను పదేళ్ళ పిల్లవాడైనా, డెబ్బయ్యేళ్ళ బామ్మగారైనా పెద్దవాళ్ళ తోడుతో నిశ్చింతగా పట్టుకుని నడవగలరు. అప్పుడు దాన్ని గేటు పక్కన కట్టి ఉంచవలసిన అవసరం ఎవరికీ కలగదు.