ఎర్ర మందారం ఫోన్‌లో ముద్దలా ఎందుకొస్తుంది?

ఇవాళ మనం కడియపులంకలో ఉన్నాం. రాజమండ్రి నుంచి రావులపాలెం వైపు వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా నర్సరీలే కనిపిస్తాయి కదా, అక్కడే. ఈ ఎర్ర మందారం చూడండి. రేకల మీద సన్నటి ఈనెలు, లోపల ముదురు రంగు, అన్నీ కంటికి తెలుస్తున్నాయి. ఇప్పుడు ఫోన్‌తో తీస్తా... చూశారా? ప్లాస్టిక్ ముక్కలా వచ్చింది.

కెమెరా బాలేదని కాదు. ఫోటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఒక్కో రంగుకి 0 నుంచి 255 దాకా మెట్లు ఉంటాయి. మందారంలో ఎరుపు ఒక్కటే పై మెట్టుకి వెళ్లిపోతుంది, మిగతా రెండూ కిందే ఉంటాయి. చుట్టూ ముదురు ఆకులు ఉండేసరికి ఫోన్ ఏమనుకుంటుందంటే, "అబ్బో, చీకటిగా ఉందే" అని ఇంకాస్త బ్రైట్ చేస్తుంది. రేకంతా 255 అయిపోయాక ఇక ఈనె ఏది, రేకు ఏది? జేపీజీలో ఆ తేడా పోయిందంటే పోయినట్టే. తర్వాత ఎంత ఎడిట్ చేసినా తిరిగి రాదు.

అందుకే తీసేటప్పుడే చూసుకోవాలి. పువ్వు మీద టచ్ చేసి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కిందకి లాగండి. ఆకులు నల్లబడినా పర్లేదు, అప్పుడే పువ్వు ముందుకొస్తుంది. ఎండ నేరుగా పడుతుంటే తెల్ల తువ్వాలు అడ్డం పట్టమనండి. పోర్ట్రెయిట్ మోడ్ మాత్రం మందారానికి వద్దు. మధ్యలో పొడుచుకొచ్చే కేసరాల కాడని అది బ్యాక్‌గ్రౌండ్ అనుకుని చాలాసార్లు సగం చెరిపేస్తుంది.

ఇంకో చిక్కు ఈ పచ్చ షేడ్ నెట్. దాని కింద వెలుతురే పచ్చగా ఉంటుంది. తెల్ల చామంతి కూడా జబ్బు చేసినట్టు కనిపిస్తుంది. ఎడిటింగ్ యాప్‌లో టింట్ అని ఉంటుంది కదా, దాన్ని కొంచెం మెజెంటా వైపు జరిపితే సరిపోతుంది. ఎంత జరపాలో తెలియాలంటే ముందు పువ్వు పక్కన తెల్ల కాగితం పెట్టి ఒక ఫోటో తీసుకోండి. కాగితం తెల్లగా కనిపించే దగ్గర ఆపేయండి.

నేను ఆపలేదు. ఫ్రెండ్ వాళ్ల నర్సరీకి వాట్సాప్‌లో పెట్టుకోవడానికని ఫోటోలు ఎడిట్ చేసిచ్చాను. నెట్ కింద తీసిన నారింజ మందారం డల్‌గా ఉందని టింట్ జరిపా, శాచురేషన్ పెంచా. బ్రహ్మాండమైన ఎరుపు వచ్చింది, లైకులూ వచ్చాయి. ఆ ఫోటో చూసి మొక్కలు కొన్నవాళ్లు, పూలు పూశాక ఫోన్ చేసి గొడవ పెట్టుకున్నారు. వాళ్ల నాన్నగారు నన్ను తిట్టలేదు. "ఆయ్, మొక్క నాదే బాబూ, రంగే నీది" అన్నారంతే. అప్పట్నుంచి అమ్మే పువ్వుకి వెలుతురు సరిచేస్తా, రంగు మార్చను.

సొంతానికి తీసుకునే ఫోటో అయితే మీ ఇష్టం. అయినా రంగు పెంచే ముందు ఒకసారి తగ్గించి చూడండి. లైట్‌రూమ్‌లో కలర్ మిక్స్‌కి వెళ్లి, రెడ్‌లో ల్యూమినెన్స్ కాస్త దించితే, తీసేటప్పుడు కాపాడుకున్న ఈనెలు పైకి తేలతాయి. నీటిరంగులు వేసేవాళ్లకి ఇది తెలిసిన సంగతే. తెలుపు కావాల్సిన చోట కాగితాన్ని ముందే వదిలేస్తారు, ఒకసారి రంగు కప్పేస్తే మళ్లీ ఆ తెలుపు రాదు. మన రాజమండ్రిలోనే దామెర్ల రామారావు (1897–1925) పేరుతో ఆర్ట్ గ్యాలరీ ఉంది. వెళ్లినప్పుడు బొమ్మలకి దగ్గరగా నిలబడి, ఎక్కడ రంగు వేశారో కాదు, ఎక్కడ తగ్గించారో చూడండి.

సరే, ఎండెక్కుతోంది. ఆ చివరి వరసలో ముద్ద మందారం ఉందట, దానికి నీడ పోయేలోపు వెళ్దాం పదండి.