శ్రీరామపుర విశ్వవిద్యాలయము

రాజమహేంద్రవరమందలి లూథరుగిరి పేరు మన గోదావరి సోదరీమణులు కొందరైన వినియుందురు. అచ్చటి క్రైస్తవ విద్యాలయమునకు పట్టము లొసగినది వంగదేశమున హుగ్లీ యొడ్డుననున్న శ్రీరామపురము. ఆ చిన్న విశ్వవిద్యాలయపు కథ వినదగినది.

ఆంగ్ల కంపెనీవారు తమ నేలపై మతబోధకులను నిలువనీయని దినములవి. కేరీ, మార్షుమను, వార్డు అను మువ్వురు డెన్మార్కువారి యేలుబడిలోనున్న శ్రీరామపురమున 1800వ సం॥న కాపురము పెట్టి, అందరి సంపాదనమును ఒకే పెట్టెలో వేసి, ఒకే పంక్తిని భుజించిరి. ఆ పెట్టె నిండుటకు మిక్కిలి తోడ్పడినవి మార్షుమను దంపతులు నడపిన వసతి పాఠశాలలు. పొగడునప్పుడు మాత్రము మువ్వురు పురుషుల పేర్లే వినబడును! బడి నడపుచు పలువురి ఆకలి కనిపెట్టుట యెట్టి పనియో పంతులుగారి యింటివారమైన మేమెరుగుదుము. హన్నా మార్షుమనమ్మను మరువ మనసొప్పదు.

కళాశాల 1818లో వెలసెను. కులమతముల యడ్డు లేదు; హిందూ బాలురును చేరిరి. 1827వ సం॥ ఫిబ్రవరి 23వ తేదీన డెన్మార్కు రాజు ఆరవ ఫ్రెడరికు పట్టము లొసగు నధికారమిచ్చెను. కలకత్తా, మద్రాసు, బొంబాయి విశ్వవిద్యాలయములకు ముప్పదేండ్లు ముందుమాట. అయినను ఆ శాసనము పెట్టెలోని పట్టుచీరవలె చిరకాలము మడత విప్పబడలేదు. 1845లో ఊరు ఆంగ్లేయుల కమ్ముడుపోయినను హక్కు చెడలేదు. తుదకు వేదాంత పట్టములు 1915లో నీయబడెను. 1918 నాటి చట్టముచే వివిధ సంఘములవారికి సెనేటులో చోటు దొరకగా, దూరదేశముల విద్యాలయములును దీని నీడ చేరినవి.

తెలుగువారికి ఆ యూరితో చుట్టరికము పాతదే. కేరీ వ్రాసిన తెలుగు వ్యాకరణము 1814లో అచ్చటనే అచ్చుపడెను. 1964లో మన రాజమహేంద్రవరమున లూథరనులు, బాప్తిస్టులు మున్నగువారి చదువులు కలిసి ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజి యేర్పడెను. పసిబిడ్డకు బాప్తిస్మ మిచ్చువారును, ఎదిగి తానే కోరినగాని యీయరాదనువారును ఒకే కప్పు క్రింద గ్రీకు, హీబ్రూ భాషలు వల్లించిరి. వేరు పొయ్యిలను కలుపుట యెంత కష్టమో ఉమ్మడి కుటుంబపు కోడండ్రకు వేరుగ చెప్పవలయునా?

పదేండ్లు నిండకమునుపే ఆ కాలేజి హైదరాబాదునకు తరలెను. గోదావరివారమైన మాకిది కొంత దిగులే. హుస్సేనుసాగరపు దాపున అదిప్పుడును నడచుచున్నది. స్త్రీలును అందు చేరి శ్రీరామపురపు పట్టములకు చదువుచున్నారు.