మీనామృతం: పీపాలో జరిగేదేమిటి, మొక్కకు దక్కేదేమిటి

ఆదివారం మధ్యాహ్నం దాటాక నరసరావుపేటలో గానీ మాచర్లలో గానీ చేపలు కోసే చోటికి వెళ్తే, కత్తిపీటల పక్కన పొలుసులు, పేగులు, మొప్పలు, రెక్కలు కుప్పగా కనిపిస్తాయి. కొల్లేరు వైపు నుంచి ఐసు పెట్టెల్లో వచ్చిన బొచ్చెలవి కొన్ని, సాగర్ జలాశయంలో వలకు పడినవాటివి కొన్ని. సాయంత్రానికి అవి మురుగు కాల్వలోకో ఊరి చివర దిబ్బ మీదికో చేరతాయి. అదే ఊళ్లో మిద్దెతోట పెంచుకునేవాళ్లు పురుగుమందుల దుకాణంలో అమైనో ఆమ్లాల సీసా కొనుక్కుని వెళ్తారు. ఆ సీసాల్లోని సరుకు చాలావరకు ఏదో ఒక జంతువు నుంచో మొక్క నుంచో వచ్చిన మాంసకృత్తులను ముక్కలు చేసి తీసినదే. ఆ పనిని బెల్లంతో, ఓపికతో మన పెరట్లోనే చేసుకోవచ్చు. ప్రకృతి సేద్యం చేసే రైతులు దీన్ని మీనామృతం అంటారు.

ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. సురపాలుడి వృక్షాయుర్వేదంలో కుణపజలం అనే ద్రవ ఎరువు ఉంది. మాంసం, కొవ్వు, మూలుగ ఉడికించి, నువ్వుల చెక్క, తేనె, నానిన మినుములు కలిపి మాగబెట్టే పద్ధతి అది. ఆ సంస్కృత గ్రంథాన్ని నళినీ సధాలే ఇంగ్లీషులోకి తెస్తే, 1996లో సికింద్రాబాద్‌లోని ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషన్ ప్రచురించింది. ఇప్పుడు మనం వాడుతున్న చేప, బెల్లం పద్ధతికి మాత్రం కొరియా దగ్గరి చుట్టం. అక్కడ చో హాన్ క్యూ ప్రచారం చేసిన సహజ సేద్యంలో చేపను ముదురు చక్కెరతో పులియబెట్టడం ఒక ముఖ్యమైన పాఠం. మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో ప్రకృతి సేద్యం ఊరూరా పాకాక జీవామృతం, నీమాస్త్రం, పుల్లటి మజ్జిగలతో పాటు మీనామృతం పేరు కూడా పల్లెల్లో నలిగింది.

చెయ్యడం తేలికే. సమ బరువు చేప వ్యర్థం, సమ బరువు బెల్లం, మూత ఉన్న ప్లాస్టిక్ పీపా. కానీ అందులో ఏం జరుగుతుందో తెలియకుండా మొదలుపెట్టినవాళ్లలో చాలామంది పదో రోజున కంపు భరించలేక పీపాను బోర్లించేస్తారు. అందుకని ముందు లోపలి సంగతి చూద్దాం.

చేప చచ్చిన క్షణం నుంచి దాని మీద రెండు పనులు మొదలవుతాయి. ఒకటి, దాని పేగుల్లో ఉన్న జీర్ణరసాలే దాని మాంసాన్ని కరిగించడం. బతికున్నప్పుడు తిన్న తిండిని అరిగించిన ఎంజైములు ఇప్పుడు సొంత ఒంటిని అరిగిస్తాయి. పొడుగాటి మాంసకృత్తుల గొలుసులు తెగి చిన్న చిన్న ముక్కలు, చివరికి అమైనో ఆమ్లాలు అవుతాయి. మనకు కావలసింది ఇదే. రెండోది కుళ్లు. కుళ్లబెట్టే సూక్ష్మజీవులు అదే మాంసాన్ని అమ్మోనియాగా, ముక్కు పగిలే వాయువులుగా మార్చేస్తాయి. అమ్మోనియా గాలిలో కలిసిందంటే మొక్కకు చేరాల్సిన నత్రజని చేజారినట్టే. కంపు ఎంత ఎక్కువైతే నష్టం అంత ఎక్కువ. చేప ఎరువు కంపు కొట్టక తప్పదు, అదే దాని బలం అని కొందరు చెబుతుంటారు. ఆ మాట నమ్మకండి.

మొదటి పనిని సాగనిచ్చి రెండోదాన్ని ఆపేది బెల్లం. ఆవకాయలో ఉప్పు చేసే పనే ఇక్కడ బెల్లం చేస్తుంది. చిక్కటి తీపి చేప ముక్కల్లోని నీటిని బయటికి లాగుతుంది, కుళ్లు జీవులకు నీరు చిక్కకుండా చేస్తుంది. ఆ తీపిని తట్టుకోగల పులుపు బాక్టీరియా మాత్రం బెల్లాన్ని తిని లాక్టిక్ ఆమ్లం విడుదల చేస్తుంది. పెరుగు తోడుకునేటప్పుడు పనిచేసే కుటుంబమే ఇది. పులుపు పెరిగేకొద్దీ కుళ్లు జీవులకు అక్కడ చోటు ఉండదు. బెల్లం ఖరీదని సగం వేసి, మిగతా సగానికి నీళ్లు పోస్తే జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. తీపి పలచబడుతుంది, కుళ్లు గెలుస్తుంది. కాబట్టి ఒక్క చుక్క నీరు కూడా పోయొద్దు. చేపలో ఉన్న నీరే చాలు, నాలుగైదు రోజులకు పీపాలో ద్రవం దానంతటదే ఊరుతుంది.

పేగులు పారేసి శుభ్రమైన మాంసం ముక్కలే వెయ్యాలనుకునేవాళ్లూ ఉన్నారు. అసలు పనిచేసే ఎంజైములు ఎక్కువగా ఉండేది పేగుల్లోనే. అవి లేకపోతే పని నెమ్మదిస్తుంది. కోసేవాళ్ల దగ్గర పారేసే సరుకే మనకు మేలైన సరుకు. అది తాజాగా, కోసిన కొన్ని గంటల్లోపు కావాలి. ఎండుచేపలు, ఉప్పుచేపలు మాత్రం వద్దు. వాటిలోని ఉప్పు కుండీ మట్టిలో పేరుకుని వేర్లను మాడుస్తుంది.

బెల్లం విషయంలో చూడ్డానికి అందంగా ఉన్నదాన్ని వెతక్కండి. పసుపు రంగు మెరుపు కోసం పాకంలో హైడ్రోస్ కలుపుతారు. అది సూక్ష్మజీవులకు ఇబ్బంది. ముదురు రంగు బెల్లమే మనకు మంచిది. నాటుసారాకు వాడతారని మన దగ్గర నల్లబెల్లం అమ్మకాల మీద ఎక్సైజు వాళ్ల కన్ను ఉంటుంది. పెరటికి కావలసిన ఐదారు కిలోలైతే తెలిసిన దుకాణంలో ఎందుకో చెప్పి తీసుకోవడం మర్యాద.

రెండు కిలోల వ్యర్థానికి రెండు కిలోల బెల్లం లెక్కన, చేపను చిన్న ముక్కలుగా కోసి, తరిగిన బెల్లం ఒక పొర, చేప ఒక పొర వేసుకుంటూ రండి. అన్నిటికంటే పైన బెల్లం పొర దట్టంగా ఉండాలి. పీపాలో మూడో వంతు ఖాళీ వదలండి, నురుగు పొంగుతుంది. ఇనుము, రాగి, అల్యూమినియం పాత్రలు వద్దు, పులుపు వాటిని తింటుంది. మూతికి పలచటి నూలుగుడ్డ కట్టి, దాని మీద మూత వదులుగా పెట్టండి. గుడ్డ లేకపోతే ఈగలు గుడ్లు పెట్టి పురుగులు పడతాయి. మూత బిగిస్తే లోపల పుట్టే వాయువు పోయే దారి లేక పీపా ఉబ్బి పగిలే ప్రమాదం ఉంది. గాజు సీసాల్లో చేసేవాళ్లు ఈ సంగతి మరీ గుర్తుంచుకోవాలి.

ఎన్ని రోజులు అన్నదానికి పుస్తకాల్లో ఒక లెక్క, పల్నాటి ఎండల్లో ఒక లెక్క. రాష్ట్రంలో ఎండ మండిపోయే చోట్లలో రెంటచింతల పేరు ఏటా వినిపిస్తూనే ఉంటుంది. అంత వేడిలో పులియడం వేగంగా సాగుతుంది, అదుపు తప్పడమూ అంతే వేగం. నవంబరు, జనవరి నడుమ మొదలుపెట్టడం అన్నిటికన్నా నయం. అప్పుడు మూడు నాలుగు వారాలు పడుతుంది. ఎండాకాలంలో తప్పదంటే పీపాను చెట్టు నీడన సగం వరకు మట్టిలో పాతి, పైన తడి గోనెపట్టా కప్పండి. మిద్దె మీద ఎండలో మాత్రం ఉంచకండి. రెండు మూడు రోజులకోసారి కర్రతో అటూ ఇటూ కలిపితే చాలు.

తయారైందని చెప్పేది ముక్కే. బాగా పులిసినదానికి తీపి, పులుపు కలిసిన వాసన, అడుగున చేప వాసన ఉంటాయి. తల తిప్పుకునేంతగా ఉండదు. పైన తెల్లటి బూజు పొర కనిపిస్తే భయం లేదు, కలిపేయండి. కుళ్లిన గుడ్ల వాసనో, కళ్లు మండే అమ్మోనియా ఘాటో వస్తే బెల్లం చాలలేదన్నమాట. వెంటనే మరికొంత తరిగి వేసి కలిపితే మొదట్లో అయితే దారికొస్తుంది. రెండు మూడు రోజులకూ మారకపోతే దాన్ని మొక్కలకు వాడొద్దు, లోతుగా గుంట తీసి పూడ్చేయండి. పిల్లల చేతికి అందకుండా ఉంచడం, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవడం నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అందరూ అడిగే మాట: ఇది వేస్తే యూరియా మానెయ్యొచ్చా? దీనికి లెక్క వేసి చూడటమే న్యాయం. చేప మాంసంలో మాంసకృత్తులు నూటికి 16 నుంచి 20 పాళ్లు. పేగులు, మొప్పలు కలిసిన వ్యర్థంలో 15 పాళ్లనుకుందాం. కిలోకు 150 గ్రాములు. మాంసకృత్తుల్లో నత్రజని సుమారు 16 శాతం, అంటే 24 గ్రాములు. యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి, కిలో చేప వ్యర్థంలోని నత్రజని సుమారు 52 గ్రాముల యూరియాతో సమానం. అదీ అంతా ద్రవంలోకి దిగితే. 45 కిలోల యూరియా బస్తాలో ఉన్నంత నత్రజని రావాలంటే 860 కిలోల చేప వ్యర్థం, దానికి సమానంగా బెల్లం కావాలి. నీటి వసతి ఉన్న మిరపకు వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పే నత్రజని ఎకరాకు 120 కిలోలు. దానికి ఐదు టన్నుల చేప వ్యర్థం. ఎకరాకు అంత బెల్లం ఎవరు పోస్తారు?

కాబట్టి బస్తాల స్థానంలో సీసా పెట్టి మిరప చేనును నడిపించొచ్చని ఎవరైనా చెబితే ఆగి ఆలోచించండి. ప్రకృతి సేద్యం చేసే అనుభవజ్ఞులు కూడా నేల బలానికి పచ్చిరొట్ట, పలు పంటల సాగు, ఘన జీవామృతం మీద ఆధారపడతారు. మీనామృతాన్ని పైరు ఎదిగే దశలో చేయూతగా వాడతారు. కుండీల విషయం వేరు. ఇరవై కుండీల వంగ, టమాటా, పచ్చిమిర్చికి వారాల తరబడి కొద్దికొద్దిగా అందే ఆ 24 గ్రాములు నిజంగా తిండే. పైగా అమైనో ఆమ్లాలు కొంతమేర నేరుగా వేర్లలోకి, ఆకుల్లోకి వెళ్తాయి. మిగతావి మట్టిలోని సూక్ష్మజీవులకు ఆహారమై, అవి వాటిని మొక్కకు అందే రూపంలోకి మారుస్తాయి. కుండీలోని మట్టి ఏళ్ల తరబడి అదే మట్టి. దానిలో ప్రాణం నిలవాలంటే ఇలాంటి తిండి పడుతుండాలి. ఇంటి తోటకు దీన్ని నేను గట్టిగా చెప్పేది అందుకే.

వాడే ముందు రెండు పొరల గుడ్డలో వడకట్టి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసేయండి. నూనె పోతే స్ప్రేయరు మూతి పూడుకుపోదు, ఆకు మీద జిడ్డు పేరుకోదు. పిచికారీకి లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, లేత నారుకు అందులో సగం. మొక్క మొదట్లో పోయడానికి లీటరుకు 10 నుంచి 20 మిల్లీలీటర్లు. పదిహేను రోజులకోసారి చాలు. సాయంత్రం పూట చల్లండి, మధ్యాహ్నపు ఎండలో తీపి ద్రవం ఆకును మాడుస్తుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో కాల్వ నీరో వాన నీరో కలుపుకోవడం మేలు. తోటకూర, పాలకూర, కొత్తిమీర లాంటివాటికి ఆకుల మీద చల్లకుండా మట్టిలోనే పోయండి. కోతకు రెండు వారాల ముందు ఆపేయండి. ఇది పచ్చి చేప నుంచి వచ్చిన సరుకని మరవకూడదు.

ఎక్కువ పోస్తే ఎక్కువ కాపు అనుకుంటే బోల్తా పడతాం. నత్రజని ఎక్కువైన మొక్క మెత్తటి, ముదురాకుపచ్చ ఆకులేస్తుంది. రసం పీల్చే పురుగుకు అంతకన్నా విందు లేదు. 2021లో నల్ల తామర పురుగు గుంటూరు, పల్నాడు మిరప చేలను ఎలా ఊడ్చేసిందో ఈ ప్రాంతానికి చెప్పక్కర్లేదు. అప్పటి నుంచి ఏ ద్రావణం కనిపించినా అది తామర పురుగుకు మందేమో అని అడిగేవాళ్లు పెరిగారు. మీనామృతం పురుగుమందు కాదు. ముడత కనిపించిన మొక్కకు దీన్ని చల్లడం ఆపి, ముందు పురుగు సంగతి చూడాలి.

పల్నాడులో తోట పెంచేవాళ్లకు ఇంకో సంగతి. దాచేపల్లి, పిడుగురాళ్ల, గురజాల చుట్టూ నేల కిందంతా సున్నపురాయి. మన సున్నం బట్టీలకూ సిమెంటు ఫ్యాక్టరీలకూ అదే ఆధారం, మన కుండీల్లోని మట్టికి తంటా కూడా అదే. సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. లేత ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా నిలుస్తాయి. దాన్ని చూసి నత్రజని లోపమనుకుని మీనామృతం మీద మీనామృతం పోస్తుంటారు. నత్రజని లోపమైతే పసుపు ముందు ముదురాకుల్లో, ఆకంతటా వస్తుంది. లేతాకులో, ఈనెల మధ్య వస్తే అది ఇనుము లోపం. దానికి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లాలి. చేపలో పొటాష్ తక్కువని కొందరు పీపాలోనే కట్టెల బూడిద కలుపుతారు. బూడిద క్షారం. పీపాలో పులుపును విరిచేస్తుంది, మన సున్నపు నేలకు మరింత సున్నం తోడవుతుంది. పొటాష్ కావాలంటే అరటి తొక్కలు కంపోస్టులో వేసుకోండి.

వడకట్టిన ద్రవం రంగు సీసాల్లో, మూత కాస్త వదులుగా, నీడలో ఉంచితే ఆరు నెలలు నిలుస్తుంది. మూత వదులు చేసినప్పుడు బుస్సుమంటే ఇంకా పులుస్తున్నట్టు. ఇంకో వారం గుడ్డ కట్టి ఉంచండి. పీపాలో మిగిలిన ఎముకల్లో, పొలుసుల్లో భాస్వరం, కాల్షియం ఉంటాయి. వాటి మీద మళ్లీ కాస్త బెల్లం వేసి రెండో విడత పులియబెట్టొచ్చు. లేదంటే నిమ్మ, జామ, మామిడి చెట్ల పాదుకు ఆనకుండా, అడుగున్నర లోతు గుంట తీసి పూడ్చండి. వాసనకు కుక్కలు, పందులు తవ్వుతాయి కనుక పైన ఒక నాపరాయి బండ పెట్టండి. మన దగ్గర దానికి కొరత లేదు.